నల్ల సంచిలో సర్వీస్ రివాల్వర్

రిటైరైన పోలీసువాళ్ళు రాసే అనుభవాల్లో దొంగలు ఎప్పుడూ దొరికేస్తూ ఉంటారు. మావాళ్ళు రాసినవి కొన్ని చదివాను. ఇంతమందిమి ఇంత గొప్పగా పనిచేస్తే ఊళ్ళల్లో అన్ని దొంగతనాలు ఎలా జరిగాయా అని నాకే అనుమానం వచ్చింది. నేను కానిస్టేబుల్‌గా చేరి ఇన్‌స్పెక్టర్‌గా దిగాను. మధ్యలో ఎలా ఎక్కానో ఎవరికీ అక్కర్లేదు. రాజమండ్రిలో మా వీధి పిల్లలు ఇద్దరు ఎస్సై పరీక్ష రాసి సెలెక్టయ్యారు. ట్రైనింగ్‌కి వెళ్ళే ముందు ఇంటికి వచ్చి, "ఏదన్నా సలహా చెప్పండి సార్" అన్నారు. నిద్ర సరిగ్గా పోండి, కడుపు మాడ్చుకోకండి, కోర్టుకి ఆలస్యంగా వెళ్ళకండి అని చెప్పి పంపేశాను. చెప్పాల్సింది చెప్పలేదు. మొహాన చెప్పడానికి సిగ్గేసింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఇదంతా నడుముకి పెట్టుకునే రివాల్వర్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, దాన్ని పెట్టుకోకూడని రోజున పెట్టుకుని, పోగొట్టుకుని, నేను చేసిన పని గురించి.

డ్యూటీ లేని చోట

కానిస్టేబుల్‌గా ఉన్నన్నాళ్ళూ నా చేతిలో ఉన్నది రైఫిలే. అది భుజాన మోస్తే అందరికీ కనపడుతుంది, మోసేవాడికి బరువు తప్ప ఇంకేమీ ఉండదు. భుజం మీదకి స్టార్లు వచ్చాక తొలిసారి రివాల్వర్ చేతికిచ్చారు. అప్పటికే నాకు నలభై దాటాయి. ఆ వయసులో వచ్చిన మోజు అంత తొందరగా వదలదు.

మొదటి పోస్టింగు తుని వైపు, ఏజెన్సీ కొండలకి దగ్గర్లో. తొంభైల మొదట్లో అక్కడ నక్సలైట్ల భయం నిజంగానే ఉండేది. మఫ్టీలో బయటికి వెళ్ళినా ఆయుధం దగ్గర పెట్టుకోమని పైవాళ్ళ మాట. నోటిమాటే, ఎక్కడా రాసివ్వలేదు. అయినా మా సి.ఐ. గారు మాత్రం చాలా పట్టుదల మనిషి. సెలవు చీటీ మీద ఆయన సంతకం పడాలంటే ముందు రివాల్వరూ, ఆరు తూటాలూ స్టేషన్లో అప్పగించి, రిజిస్టర్‌లో ఎంట్రీ చూపించాలి.

ఒకసారి మా బావమరిది పెళ్ళికని పెద్దాపురం బయల్దేరాను. చొక్కా కింద రివాల్వర్ ఉంది. చీటీ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్తే పైనుంచి కిందికి ఓ చూపు చూశారు.

"ఏవయ్యా, పెళ్ళికెళ్తన్నావా, యుద్ధానికా?"

"పెళ్ళికేనండి. కాకపోతే పరిస్థితులు బాగోలేవు కదండి..."

"ఆ పెళ్ళిలో నీ డ్యూటీ ఏంటి?"

"ఏం లేదండి."

"మరింకేం. డ్యూటీలో ఉన్నావు కాబట్టే దీనికి నిన్నెవరూ లైసెన్సు అడగట్లేదు. డ్యూటీ లేనప్పుడు నువ్వూ ఆ బస్టాండ్‌లో మనిషీ ఒకటే. జనం మధ్య అది పేలిందనుకో, నేను నిన్ను పోలీసోడని రాయను. తుపాకీ దాచుకు తిరిగే మనిషని రాస్తాను. వెళ్ళి అప్పగించిరా."

అప్పగించాను. బస్సెక్కాక దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. పెళ్ళిలో అందరి ముందూ చొక్కా ఎత్తి చూపిద్దామనుకున్న మాట ఆయనకి ఎలా తెలిసిపోయిందో నాకు అర్థం కాలేదు. చట్టం గురించి ఉద్యోగంలో నేను విన్న మంచి మాట అదొక్కటే. విన్నాను, అంతే. ఒంటబట్టించుకోలేదు.

చొక్కా బయటికి వదిలేసి

రెండేళ్ళ తర్వాత తణుకు వైపు ఒక చిన్న ఊరికి బదిలీ అయింది. ఊరి పేరు రాయను. అక్కడ జరిగిన తప్పు నాది, ఊరిది కాదు. చుట్టూ వరిచేలు, చెరుకు తోటలు, రైసు మిల్లులు. నక్సలైట్ అనే మాట అక్కడ పేపర్లో తప్ప కనపడేది కాదు. మా పెద్ద గొడవంతా సరిహద్దు గట్ల తగాదాలు, కోడిపందాలు, సినిమా హాలు దగ్గర కొట్లాటలు. వాటిలో వేటికీ రివాల్వర్ అక్కర్లేదు. లాఠీ కూడా చాలాసార్లు అక్కర్లేదు.

అయినా నేను వదల్లేదు. సాయంత్రం స్నానం చేసి, చొక్కా టక్ చేయకుండా బయటికి వదిలి, దాని కింద తోలు హోల్‌స్టర్‌లో రివాల్వర్ పెట్టుకుని సెంటర్లోకి వెళ్ళేవాణ్ణి. టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే చొక్కా కాస్త ఉబ్బెత్తుగా లేచేది. మిల్లు ఆసాములు ఓరగా చూసేవాళ్ళు. "లోడ్ చేసే ఉంటదాండీ?" అని ఒకాయన అడిగాడు. "మా చేతిలో ఉందంటే లోడ్ చేసే ఉంటుంది" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతాయి. దాచి పెట్టుకోవాల్సిందని నేను చెప్పుకునే వస్తువు, అందరికీ కనపడాలనే నా తాపత్రయం.

అక్కడి సి.ఐ. గారు మంచాయన అని పేరు. ఏదీ అడగరు కాబట్టి ఆ పేరు. మా ఆవిడ మాత్రం, "పప్పు డబ్బా పక్కన పెట్టకండి బాబూ ఆ దిక్కుమాలింది" అని రోజూ సణిగేది.

సంచి

ఆ ఏడాది కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. మొక్కు మా ఆవిడది, మాల నాది. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం, కటిక నేల మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేవు. ఎవరు ఎదురుపడినా "స్వామీ" అనే పిలవాలి. మాట తూలకూడదు, చెయ్యెత్తకూడదు. యూనిఫాం బదులు నల్లబట్టలతో డ్యూటీ చేసుకోమని పైవాళ్ళు అనుమతిచ్చేవాళ్ళు. మా జిల్లాలో చాలామంది అలా చేసేవాళ్ళం.

మాలలో ఉండగా ఒంటికి తోలు తగలకూడదు. బూట్లు పోయాయి, బెల్టు పోయింది, హోల్‌స్టర్ పోయింది. రికార్డులు రాసే మా స్టేషన్ రైటర్ మెల్లగా అడిగాడు.

"హోల్‌స్టర్ లేదు కదాండీ, ఈ నలభై రోజులూ రివాల్వర్ డిపాజిట్ చేసెయ్యకూడదా?"

"సంచిలో పెట్టుకుంటాన్లే" అన్నాను.

ఆయన రిజిస్టర్ మూసేశాడు. హోదాలో నేను పెద్ద, బుద్ధిలో ఆయన పెద్ద. స్టేషన్లలో ఇది మామూలే.

మాల సామాను అమ్మే కొట్లో అన్నీ కలిపి ఒక సెట్టుగా ఇచ్చేవాళ్ళు. భుజానికి తగిలించుకునే నల్లగుడ్డ సంచి, నల్ల కండువా, అట్ట మీద స్వామి బొమ్మ ఉన్న భజన పుస్తకం. ఊళ్ళో మాల వేసుకున్న నలభైమందికీ అదే కొట్టు, అదే సెట్టు. నా సంచిలో మాత్రం కండువాకి అడుగున, పుస్తకం పక్కన, ప్రభుత్వం వారి రివాల్వర్ ఒకటి అదనంగా ఉండేది.

ఒక రైసు మిల్లు ఆవరణలో పందిరి వేసి పీఠం పెట్టారు. గురుస్వామి ఒక పెద్దాయన, హైస్కూల్లో తెలుగు పంతులుగా చేసి దిగిపోయారు. ఆ మిల్లులోనే బస్తాలు మోసే జట్టుకూలీ వీర్రాజు కూడా మాలలో ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. అతనికి అది మూడో ఏడు, నాకు మొదటిది. మొదటి ఏడు వేసుకున్నవాణ్ణి కన్నెస్వామి అంటారు. కన్నెస్వాములు పెద్ద స్వాముల కాళ్ళకి దణ్ణం పెట్టాలి. అలా నేను ప్రతి సాయంత్రమూ వీర్రాజు కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణి. అతను సిగ్గుపడిపోయి, "వద్దు స్వామీ, మీరు పెట్టకండి" అని వెనక్కి జరిగేవాడు. ఆ నలభై రోజులూ మేమిద్దరం సమానం అనుకుని లోలోపల నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

పడిపూజ రోజున జనం బాగా వచ్చారు. సాష్టాంగపడాలంటే సంచి అడ్డం. అందరూ పందిరి గుంజలకి కొట్టిన మేకులకి సంచులు తగిలించారు. నేనూ చిట్టచివరి మేకుకి తగిలించి, ఓ కన్ను అటు వేసే కూర్చున్నాను. భజన జోరందుకున్నాక ఆ కన్ను కూడా మూసేశాను. తర్వాత భిక్ష. విస్తళ్ళు వెయ్యడానికి వీర్రాజు ఆ గుంజల దగ్గర నీళ్ళు చల్లి ఊడ్చాడు. తడుస్తాయని సంచులన్నీ తీసి అరుగు మీద పెట్టి, ఊడ్చాక మళ్ళీ తగిలించాడు. నేను చూస్తూనే ఉన్నాను.

భోంచేసి వచ్చి నా మేకుకి ఉన్న సంచి తీశాను. తేలిగ్గా వచ్చింది. లోపల నల్ల కండువా ఉంది. పుస్తకం ఉంది. రివాల్వర్ లేదు.

మాల తీయించడం

ప్రభుత్వ ఆయుధం పోతే ఏం చెయ్యాలో నాకు తెలీక కాదు. ఆ క్షణమే పై అధికారికి చెప్పాలి, కేసు కట్టాలి, ఎక్కడ, ఎందుకు, ఏ డ్యూటీ మీద దాన్ని పట్టుకెళ్ళావన్నదానికి జవాబు చెప్పాలి. ఆ ఆఖరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మామూలు జనానికిచ్చే లైసెన్సు కాగితం మీద కూడా, తిరనాళ్ళకీ, దేవుడి ఊరేగింపులకీ, జనం గుమిగూడే చోటికీ ఆయుధం తీసుకెళ్ళకూడదని అచ్చేసి ఉంటుంది. ఆ షరతు తప్పారని ఇద్దరు రైతుల లైసెన్సులు రద్దు చెయ్యమని రాసినవాణ్ణి నేను. కింద నుంచి పైకొచ్చిన ఎస్సైని, సస్పెండ్ చేస్తే మళ్ళీ లేవలేనని భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

చెప్పింది మా హెడ్ కానిస్టేబుల్‌కొక్కడికే. పెద్దవాడు, కండగలవాడు, నా కంటే ఎక్కువ కేసులు చూసినవాడు.

"సంచులు ముట్టుకున్నదెవరండీ?" అన్నాడు.

"వీర్రాజు."

"ఇంకేం మరి."

ఆ "ఇంకేం మరి" నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. సంచులు నలభై ఉన్నాయి, మనుషులు నలభైమంది ఉన్నారు. అందులో బ్యాంకువాళ్ళున్నారు, టీచర్లున్నారు, మిల్లు ఆసామి కొడుకున్నాడు. వాళ్ళలో ఒక్కరిని అడగాలన్నా సంచిలో ఏముందో చెప్పాలి. వీర్రాజుని అడగడానికి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే పిలిపించాం. స్టేషన్‌కి కాదు. స్టేషన్‌కి పిలిస్తే ఎక్కడో ఒకచోట రాయాలి. మా క్వార్టర్స్ వెనక సామాన్లు పడేసే గది ఒకటి ఉండేది, అక్కడికి. కేసు లేదు, ఎఫ్.ఐ.ఆర్. లేదు, జనరల్ డైరీలో అక్షరం ముక్క లేదు.

వీర్రాజు నవ్వు మొహంతో వచ్చాడు, పీఠం పనేదో ఉందనుకుని.

"స్వామి శరణం. రమ్మన్నారంట?"

"సంచిలోంచి తీసింది ఎక్కడ పెట్టావ్?" అన్నాను.

"ఏ సంచండి? ఏం తీసాన్స్వామీ?"

గంటసేపు అదే ప్రశ్న, అదే జవాబు. నేనేం పోగొట్టుకున్నానో కూడా అతనికి చెప్పలేదు. ఏమిటో చెప్పకుండా ఇచ్చెయ్యమంటే ఏమివ్వాలో అతనికి తెలీలేదు. హెడ్ కానిస్టేబుల్ నన్ను బయటికి పిలిచాడు.

"ఇలా తేలదండి. నాలుగు తగిలించాలి. కానీ మెళ్ళో మాల ఉంది. మాలలో ఉన్నోడి మీద నేను చెయ్యెయ్యలేనండి, పిల్లలు గలవాణ్ణి."

"తీసెయ్యమను" అన్నాను.

వీర్రాజు ఒప్పుకోలేదు. తిట్టినందుకు కూడా అంత బెదరలేదు, ఈ మాటకి మాత్రం రెండు చేతులతో మాల పట్టుకుని గోడకి అంటుకుపోయాడు. "ఇది నేను తియ్యకూడదు స్వామీ. గురుస్వామి తియ్యాలి, లేకపోతే కన్నతల్లి తియ్యాలి. కొండకెళ్ళొచ్చాక తియ్యాలి. నన్నేం చేసినా చేసుకోండి గానీ ఇది మాత్రం తియ్యమనకండి."

గురుస్వామిని పిలవలేను. ఆయన అడిగితే చెప్పుకోవాలి. అందుకని నేనేం చేశానంటే, అతని తల్లిని పిలిపించాను.

ఆవిడ నాట్లకి వెళ్ళేది. పొలం నుంచే తీసుకొచ్చారు, కాళ్ళకి బురద ఇంకా ఆరలేదు. కొడుకు మాల తియ్యమన్నాను. ఎందుకని అడిగింది. "తియ్యకపోతే ఇద్దర్నీ జైలుకి పంపుతాను" అన్నాను. ఆవిడ నా మెడలో ఉన్న మాల వంక చూసింది, నా మొహం వంక చూడలేదు. తర్వాత కొడుకు దగ్గరికి వెళ్ళి, "తల వంచరా నాయనా" అంది. ఆ మనిషి వలవలా ఏడుస్తూ తల వంచాడు. ఆవిడ మాల తీసి, కళ్ళకద్దుకుని, కొంగులో ముడేసుకుని వెళ్ళిపోయింది.

నేను మాలలో ఉన్నాను కాబట్టి చెయ్యి చేసుకోలేదు. గది బయట అరుగు మీద కూర్చున్నాను. పొద్దుటి శరణాలు ఇంకా చదువుకోలేదని గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని గట్టిగా చదువుకున్నాను. లోపలి కేకలు వినపడకుండా గొంతు పెంచాను. ఇది నేను దేవుడికి కూడా చెప్పుకోలేదు. ఆయనకి చెప్పక్కర్లేదు, వింటూనే ఉన్నాడు కదా.

మొదటి పేజీ

రెండో రోజు మధ్యాహ్నం పశువుల ఆసుపత్రి గుమాస్తా ఒకాయన స్కూటర్ మీద మా ఇంటికి వచ్చాడు. ఆయనా మాలలోనే ఉన్నాడు. సంచిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని ఉన్నాడు.

"స్వామీ, మీ సంచి నా దగ్గరుండిపోయిందండి. పడిపూజయ్యాక నా మేకుకున్నది గురుస్వామి గారే తీసి కొబ్బరికాయలతో పాటు నా స్కూటర్ డిక్కీలో పెట్టారు. మర్నాడు తెల్లారగట్ల ఆఫీసు పని మీద కాకినాడ బస్సెక్కేశాను. ఇప్పుడే వచ్చి తీస్తే అందులో... నేనేం ముట్టుకోలేదండి, ఒట్టు."

రివాల్వర్ ఉంది. ఆరు తూటాలూ ఉన్నాయి. నా కండువా, నా పుస్తకం కూడా అందులోనే ఉన్నాయి.

"మరి నా సంచి మీ దగ్గరుందాండీ?" అన్నాడు.

లోపలికెళ్ళి తెచ్చిచ్చాను. ఆయన పుస్తకం తీసి, మొదటి పేజీ తిప్పి, "ఆఁ, నాదేనండి" అన్నాడు. ఆ పేజీ మీద ఆయన పేరు, ఊరు, ఆసుపత్రి పేరు గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి.

రెండు రోజులు ఆ పుస్తకం నా ఇంట్లోనే ఉంది. నా సంచిలోంచి రివాల్వర్ తీసేశారనుకున్నాను గానీ, అది అసలు నా సంచేనా అని చూసుకోలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసు, దొంగసొత్తు పంచనామాలు వందల కొద్దీ రాసిన చెయ్యి. అట్ట తిప్పి చూడాలనే బుద్ధి పుట్టలేదు. ట్రైనింగ్‌కి వెళ్ళే పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. దొంగెవరో ముందే నిర్ణయించుకున్నవాడికి సాక్ష్యం చేతిలో ఉన్నా కనపడదు. అనుమానం సులువైన మనిషి మీదకి పోతున్నప్పుడు ఆ అనుమానాన్నే అనుమానించాలి. నాకు ఈ సంగతి తెలియడానికి ఒక మనిషి భుజం పోయింది.

ముందురోజు నుంచి గొళ్ళెం పెట్టే ఉన్న గది తలుపు తీశాను. వీర్రాజు గోడకి చేరగిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఇంక వెళ్ళు" అన్నాను.

"దొరికిందాండీ?" అన్నాడు. స్వామీ అనలేదు.

"దొరికింది."

"అయితే నేను కాదని మా గురుస్వామికి ఒక్క ముక్క చెప్పండి. చాలు."

"చెప్తాలే" అన్నాను.

చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత చూసుకుంటే కొట్టించినదాని కంటే ఇదే పెద్ద నేరమనిపిస్తుంది. కొట్టించిన రోజున భయంలో ఉన్నాను. చెప్పకుండా ఊరుకున్న రోజుల్లో నాకు ఏ భయమూ లేదు, రివాల్వర్ దొరికేసింది. ఆ సాయంత్రం పీఠంలో గురుస్వామి గారే అడిగారు.

"ఏంటి స్వామీ, వీర్రాజు మాల తీసేశాడంట? మీరు పిలిపించారని కూడా అంటున్నారు."

"ఏదో మైలంటండి" అన్నాను.

ఆయన పూజకి లేచిపోయారు. ఊరికి మాత్రం ఇంకోలా అర్థమైంది. పోలీసులు పట్టుకెళ్ళారు, మాల తీయించారు అంటే పీఠంలో ఏదో ఎత్తుకుపోయి ఉంటాడనుకున్నారు. వెండి గిన్నె అన్నారు కొందరు, దేవుడి గొలుసు అన్నారు కొందరు. నేను ఒక్క మాట చెబితే ఆగిపోయేది. చెబితే రివాల్వర్ సంగతి బయటపడుతుంది.

నేను ఇరుముడి కట్టుకుని కొండకి వెళ్ళాను. పద్దెనిమిది మెట్లూ ఎక్కాను. జట్టువాళ్ళు వీర్రాజుని మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. రానిచ్చినా కుడి భుజం మీద బస్తా ఆనేది కాదు. తల్లితో కలిసి ఆవిడ పుట్టింటి ఊరు వెళ్ళిపోయాడని విన్నాను. ఏదీ అడగని మా సి.ఐ. గారికి మొత్తం చెప్పేశాను, కాస్త బరువు దిగుతుందని. ఆయన టీ తాగుతూ విని, "దొరికిందిగా, ఇంకేంటయ్యా" అన్నారు. నా బరువు నిజంగానే దిగింది. అదే అన్నింటికన్నా సిగ్గుచేటు.

విచారణ

రిటైరైన రోజున రివాల్వర్ అప్పగించి సంతకం పెట్టి వచ్చాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయుధానికి లైసెన్సు ఎవరూ అడగరు. దిగిపోయాక మాజీ పోలీసుకి చట్టంలో ప్రత్యేకమైన హక్కంటూ ఏమీ లేదు. సొంతానికి కావాలంటే అందరిలాగే కలెక్టరాఫీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడి నుంచి స్థానిక స్టేషన్‌కి వస్తుంది, ఎస్సై విచారణ చేసి రిపోర్టు రాయాలి. మాలో చాలామంది పెట్టుకున్నారు. పాత శత్రువులున్నారని రాస్తారు. నిజానికి మా శత్రువులు చాలావరకు మమ్మల్ని ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. నడుము బోసిగా ఉందనేదే అసలు బాధ. నేనూ పెట్టుకున్నాను.

విచారణకి ఒక ఎస్సై అమ్మాయి వచ్చింది. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ నలగని చొక్కా. మా రోజుల్లో అయితే రిటైరైన అధికారి దరఖాస్తు వస్తే, స్టేషన్లోనే కూర్చుని "విచారించగా సత్ప్రవర్తన గలవారని తెలిసింది" అని రాసేసేవాళ్ళం. ఈ అమ్మాయి పక్కింట్లో అడిగింది, ఎదురింట్లో అడిగింది, ఆఖర్న మా వరండాలో కూర్చుంది.

"సర్వీసులో ఎప్పుడైనా మీ ఆయుధం పోవడం గానీ, దానివల్ల ఎవరికైనా ఇబ్బంది కలగడం గానీ జరిగిందాండీ?"

"లేదమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఆ అమ్మాయి వెళ్ళాక మా ఆవిడ టీ గ్లాసులు తీస్తూ, "వీర్రాజు సంగతి చెప్పలేదేంటండీ?" అంది. క్వార్టర్స్ వెనక గది మా వంటింటికి ఎదురుగా ఉండేది. ఇన్నేళ్ళల్లో ఒక్కసారి కూడా ఆవిడ ఆ పేరు ఎత్తలేదు. తెలీదనుకున్నాను. మళ్ళీ మాల వేసుకోమని ఆవిడ నన్ను ఎప్పుడూ అడగలేదెందుకో అప్పుడు అర్థమైంది.

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళి ఎస్సై అమ్మాయికి మొదట్నించి చివరిదాకా చెప్పాను. ఆ అమ్మాయి మధ్యలో పెన్ను కింద పెట్టేసి విన్నది. దరఖాస్తు వెనక్కి తీసుకుంటారేమో అని కాసేపు చూసింది. నేను తీసుకోలేదు. ఎందుకో నిజం చెబుతాను. విచారణలో వీర్రాజునీ అడుగుతారు, ఇన్నేళ్ళయింది కదా, అతనే "పోన్లెండి, ఇవ్వండి" అంటాడేమోనని ఆశ. ఆ మాట అతని నోట్లోంచి వస్తే నాకు లైసెన్సు కంటే పెద్దది దొరుకుతుందనుకున్నాను. అందుకు కూడా అతని గుమ్మానికి నేను పోకుండా ఇంకొకరిని పంపుతున్నానని అప్పుడు తోచలేదు.

"అయితే ఆయన్ని కూడా అడగాలండి" అంది. "అది నా పరిధి కాదు గానీ, కోర్టు పని మీద అటే వెళ్తున్నాను."

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి రమ్మంది. వీర్రాజు కాలవ గట్టు మీద చిన్న పాక హోటల్ నడుపుతున్నాడట. ఎడమచేత్తో అట్లు పోస్తున్నాడట. నా పేరు చెబితే పెనం మీది అట్టు తిరగేసి, పూర్తిగా కాల్చి తీశాడట. ఆ తర్వాత అన్న మాటని ఆ అమ్మాయి కాగితం మీద రాసుకొచ్చింది. పైకి చదవడానికి ఇబ్బందిపడి, నా చేతికిచ్చింది.

"ఆయనకి తుపాకీ ఇస్తే ఇచ్చుకోండమ్మా, నాకేం అడ్డం లేదు. మళ్ళీ పోతే మాత్రం నన్ను పిలవొద్దని చెప్పండి. మాల తియ్యడానికి మా అమ్మ లేదిప్పుడు."

రెండుసార్లు చదివి, కాగితం బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి తల వంచుకుని, "రిపోర్టులో ఏం రాయమంటారు సార్?" అని అడిగింది. నన్ను సార్ అనడం ఆ పిల్లకి కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది.

"అతనన్నది అన్నట్టు రాయమ్మా. నా పేరు, అతని పేరు, అతని తల్లి సంగతి, అన్నీ రాయి" అన్నాను.

నా ఎదురుగానే రాసింది. వీర్రాజుకి జరిగింది ఒక ప్రభుత్వ కాగితం మీదకి ఎక్కడం అదే మొదటిసారి. నాకు లైసెన్సు రాలేదు.